పత్తి కట్టె పలక

ఆఖరి ఏరుడు అయిపోయాక జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి చెలకల్లో మిగిలేది పత్తి కట్టె. ఎకరానికి సుమారు టన్ను ఉంటుంది. ఒకప్పుడు మోపులు కట్టి పొయ్యికి మోసుకెళ్లేవాళ్లు. గ్యాసు వచ్చాక ఆ మోత తగ్గింది. ఇప్పుడు చాలామంది పీకి, కుప్పపోసి అంటిస్తున్నారు.

కాలుతున్నది గడ్డి కాదు. పత్తి అసలు ఏళ్ల తరబడి బతికే పొద, బెండకూ మందారానికీ చుట్టం. దాన్ని ఏడాది పంటగా మార్చింది మనమే. అందుకే దాని కట్టెలో సెల్యులోజు, లిగ్నిన్ పాళ్లు గట్టి కలపకు దగ్గరగా ఉంటాయి. 1924 నుంచి పత్తి మీదే పనిచేస్తున్న ముంబై పరిశోధన సంస్థ సిర్కాట్ దీన్నుంచి పార్టికల్ బోర్డు తీసింది. 2000ల దశకంలో అంతర్జాతీయ నిధితో నాగపూర్‌లో పైలట్ ప్లాంటు నడిపి చూపింది.

ఈ పలకది పాత వంశమే. అమెరికాలోని లూసియానాలో 1920లలోనే చెరకు పిప్పితో సెలోటెక్స్ పలకలు చేశారు. కొమ్మలు, చెక్కముక్కలు ఎందుకు పారేయాలనుకున్న జర్మనీ ఇంజనీరు మాక్స్ హిమ్మెల్‌హేబర్, వాటికి జిగురు పట్టించి వేడి ప్రెస్సులో నొక్కాడు. 1941లో బ్రెమెన్‌లో ఫ్యాక్టరీ మొదలైంది. ఇలాంటి పలకలకే పెట్టిన స్విట్జర్లాండ్ పేరు నోవోపాన్ మన పటాన్‌చెరు దాకా వచ్చింది. పేరు తెలియకపోయినా, నీళ్లు తగిలితే అంచులు ఉబ్బే అల్మరా చెక్క అంటే అందరికీ తెలుసు.

పత్తి కట్టెతో పని కూడా అదే. చిప్పరులో ముక్కలు చేస్తారు, జల్లిస్తారు, ఆరబెడతారు, యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు కలుపుతారు. ముతక ముక్కలు నడుమ, సన్నవి పైనా కిందా పరిచి ప్రెస్సుకెక్కిస్తారు. తంటా పెట్టేది బెరడు. అది నారగా విడిపోయి ఉండలు కడుతుంది, జిగురు సమంగా పట్టనివ్వదు.

అయినా నా లెక్కలో అసలు కష్టం ప్రెస్సు దగ్గర కాదు, చేనుగట్టు దగ్గర. చెరకు పిప్పి మిల్లులోనే పుడుతుంది, దాన్ని వెతుక్కుంటూ ఊళ్లు తిరగక్కర్లేదు. పత్తి కట్టె అలా కాదు, ఎకరం ఇక్కడ, రెండెకరాలు అక్కడ. ట్రాలీ నిండా కట్టె పేర్చినా మోసేది సగానికి పైగా గాలే. పైగా దొరికేది ఏడాదిలో కొన్ని నెలలు, ఫ్యాక్టరీకి కావలసింది పన్నెండు నెలలూ. డీజిలు, కూలీ పోను రైతు చేతికి నాలుగు రూపాయలు రాకపోతే అగ్గిపెట్టే చవక.

అందుకే చిప్పరును ట్రాక్టరుకు తగిలించి చేలోకే తీసుకురావాలి. ముక్కలైతే అదే ట్రాలీలో ఎన్నో రెట్లు పడతాయి. రైతుకు ఇంకో లాభం కూడా ఉంది. కట్టెకు అంటుకుని మిగిలిన ఎండుకాయల్లో గులాబీ రంగు పురుగు వచ్చే పంట కోసం కాచుకుని ఉంటుంది. కట్టెతో పాటు అదీ చిప్పరులోకే పోతుంది.