మణికట్టు దగ్గరి లెక్క

గుండెజబ్బుతో ఆసుపత్రికి వెళ్లివచ్చిన పెద్దవారు ఇంట్లో ఉంటే వారి రక్తపోటు ఎంతో అడుగుతాం, చక్కెర ఎంతో అడుగుతాం, కొలెస్టరాల్ రిపోర్టును బీరువాలో భద్రపరుస్తాం. వారి గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటున్నదని మాత్రం అరుదుగా అడుగుతాం. పైసా ఖర్చులేని లెక్క కనుక దానికి విలువ లేదనుకుంటామేమో! వెనుకటి హకీములు రోగి చేయి పట్టుకున్న తరువాతనే మాట మొదలుపెట్టేవారు. ఇబ్నె సీనా తన వైద్యగ్రంథం 'అల్ ఖానూన్'లో నాడిని గురించి ఎంతో విపులంగా వ్రాశారు.

విశ్రాంత స్థితిలో పెద్దల గుండె నిమిషానికి 60 నుంచి 100 సార్లు కొట్టుకోవడం సహజమని పాఠ్యగ్రంథాలు చెబుతాయి. మరి గుండె రక్తనాళాలు పూడుకున్నవారు కూడా 100 దాకా నిశ్చింతగా ఉండవచ్చునా? గుండె రక్తనాళాల వ్యాధి ఉన్న, లేదా ఉన్నదని అనుమానించిన 24,913 మందిని ఏళ్ల తరబడి గమనించిన ఒక పరిశీలన 2005లో వెలువడింది. గుండెవేగం 62, అంతకు తక్కువ ఉన్నవారితో పోలిస్తే 83, ఆపైన ఉన్నవారిలో మరణప్రమాదం 32 శాతం అధికమని అందులో తేలింది. మధుమేహం, పొగతాగడం వంటి తేడాలను లెక్కలోకి తీసుకున్న తరువాత మిగిలిన అంకె ఇది. 2008లో వచ్చిన 'బ్యూటిఫుల్' అధ్యయనంలోనూ, గుండె రక్తనాళాల వ్యాధితోపాటు గుండె పంపుచేసే శక్తి తగ్గినవారిలో, వేగం 70 దాటినప్పుడు గుండెజబ్బుతో మరణించే ప్రమాదం 34 శాతం పెరిగింది.

కారణం ఊహకు అందనిది కాదు. శరీరమంతటికీ రక్తాన్ని పంపే గుండె తన కండరానికి కావలసిన రక్తాన్ని చాలావరకు రెండు స్పందనల నడుమ, సడలిన క్షణంలోనే పొందుతుంది. వేగం పెరిగినకొద్దీ కురచయ్యేది ముఖ్యంగా ఆ విరామమే. పని పెరుగుతుంది, దానికి అందే ఆహారం తగ్గుతుంది. నిమిషానికి 10 స్పందనలు పెరిగితే రోజుకు 14,400 అదనం.

అయితే వేగాన్ని తగ్గిస్తే చాలు, ఆయుష్షు పెరుగుతుందనుకోవడం తొందరపాటు. గుండెవేగాన్ని మాత్రమే తగ్గించే ఐవాబ్రాడిన్ అనే మందు, గుండె బలహీనపడి వేగం 70కి తగ్గనివారికి మేలుచేసిందని 2010లో వెల్లడయింది. గుండె వైఫల్యం లేని రక్తనాళాల రోగులకు అదే మందు ఆ ప్రయోజనం చేకూర్చలేదని 2014లో తేలింది. అంటే కొందరిలో వేగమే రోగానికి తోడ్పడుతున్నది. మరికొందరిలో అది మరొక బాధకు ఆనవాలు మాత్రమే. రక్తహీనత, థైరాయిడ్, జ్వరం, నిద్రలేమి, సిగరెట్టు... వీటిలో ఏదైనా కావచ్చు. వెదకవలసింది వైద్యుడు, అంకెను అందించవలసింది మనం.

ఉదయం చాయ్ త్రాగకముందు ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోబెట్టి, మణికట్టుకు బొటనవ్రేలి వైపున రెండు వ్రేళ్లు ఆనించి నిమిషం పాటు లెక్కించాలి. మన బొటనవ్రేలితో చూడరాదు, అందులో మన నాడే తగులుతుంది. వారం రోజుల అంకెలు కాగితం మీద వ్రాసి తీసుకువెళ్లాలి. అయితే కూర్చున్నచోటే 100 దాటుతున్నా, బాగా తగ్గి కళ్లు తిరుగుతున్నా వారం దాకా ఆగరాదు.

మేము మరీ గట్టిగా చెప్పదలచిన మాట ఒకటున్నది. గుండెవేగం తగ్గించే బీటాబ్లాకర్ మాత్రలను 'ఇప్పుడు బాగానే ఉన్నాను గదా' అని హఠాత్తుగా మానివేయరాదు. ఛాతీనొప్పి తిరగబెట్టవచ్చు, గుండెపోటుకే దారితీయవచ్చు. రమజాన్‌లో మాత్ర వేళలు మార్చవలసివస్తే, నెలవంక కనిపించకముందే వైద్యుని అడిగి ఉంచుకోవాలి.