ఓర్పునకు హద్దు

మధ్యాహ్న భోజన విరామమున ఒక పల్లె పాఠశాల వసారాలో కూర్చొని యుండగా నా కండ్ల యెదుట జరిగినది. ఆరవ తరగతి పిల్లవాడొకడు చినిగిన పుస్తకము చేతబట్టుకొని ఏడ్చుచు ఉపాధ్యాయుని వద్దకు వచ్చినాడు. పై తరగతి పిల్లలు ముగ్గురు ఆ పుస్తకము చించి, వాని కులము పేరెత్తి ఎగతాళి చేసినారట. ఇది మొదటిసారి కాదట. ఉపాధ్యాయుడు మంచివాడే. పిల్లవాని వీపు నిమిరి, "ఓర్చుకో నాయనా, ఓర్చినవాడే గొప్పవాడు. ధర్మరాజంతటివాడు ఓర్చుకొనలేదా?" అని పంపివేసినాడు. ఆ ముగ్గురిని పిలువనైనను లేదు. పిమ్మట నావంక తిరిగి, ఈ కాలపు పిల్లలలో వినయము, ఓర్పు, పెద్దల యెడ గౌరవము అడుగంటిపోయినవని చాలసేపు వాపోయినాడు.

ధర్మరాజు పేరు వినగానే నాకు ద్రౌపది గుర్తుకు వచ్చినది. వ్యాసభారతము అరణ్యపర్వమున, ద్వైతవనములో, ఓర్పును గూర్చి ఆయనతో వాదమునకు దిగినది ఆమెయే. మన బళ్లలో ఆ ఘట్టము చెప్పవలసి వచ్చినప్పుడు ధర్మరాజు చేసిన క్షమాప్రశంసతో సరిపెట్టుదురు. ద్రౌపది చెప్పినది విడిచిపెట్టుదురు. నిజమునకు ఆమె చెప్పినది సొంత మాట కాదు, ప్రహ్లాదుడు మనుమడైన బలికి చేసిన ఉపదేశము. క్షమ మేలా, తేజస్సు మేలా యని బలి అడిగినాడు. ఎల్లప్పుడును తేజస్సు మేలు కాదు, ఎల్లప్పుడును క్షమయు మేలు కాదని తాత జవాబు.

సర్వదా క్షమించువాని గతిని ప్రహ్లాదుడు వర్ణించిన తీరు చూడవలె. సేవకులు వానిని లెక్కచేయరు, వాని వాహనములను, వస్త్రములను, నగలను, అన్నపానములను తమ యిష్టము వచ్చినట్లు వాడుకొందురు, ఇమ్మన్నది ఇయ్యవలసినవారికి ఇయ్యరు, పరుషములు పలుకుదురు. మెత్తనివానిని చూచిన మొత్తబుద్ధి యను మన సామెతకు ఇంతకంటె భాష్యమేమి కావలె? అట్లని కోపిష్ఠిని మెచ్చినాడా? లేదు. వానికి మిత్రులు దూరమగుదురు, ఇంటిలో దూరిన పామును చూచినట్లు జనులు వానిని చూచి జడియుదురన్నాడు.

ఆ తరువాత హద్దులు చెప్పినాడు. పూర్వము ఉపకారము చేసినవాడు పెద్ద తప్పే చేసినను క్షమింపవలె. తెలియక చేసినవానిని క్షమింపవలె. అందరికిని పాండిత్యము సులభము కాదు గదా యని కారణము కూడ చూపినాడు. తెలిసి చేసి, తెలియదని బొంకువానిని, తప్పు స్వల్పమైనను విడువరాదు. ఎవనికైనను మొదటి తప్పు క్షమార్హము. రెండవది అణుమాత్రమైనను దండార్హము. తరగతి గది నడుపుటకు ఇంతకంటె సూక్ష్మమైన శాస్త్రము నేను చూడలేదు. దండన యనగా బెత్తమని ఎవరును అనుకొనరాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము శారీరక దండనను నిషేధించినది, నిషేధించుట న్యాయము. పిలిచి అడుగుట, తప్పును తప్పని చెప్పుట, చించిన పుస్తకమునకు మారుగా మంచి పుస్తకము తెప్పించుట, ఇవియు దండనలే. వీనికి బెత్తము అక్కరలేదు. కొంచెము గుండె కావలెను.

ధర్మరాజు చెప్పిన జవాబు తక్కువది కాదు. తిట్టునకు తిట్టు, దెబ్బకు దెబ్బ యని అందరును బయలుదేరినచో లోకమున ప్రజలే మిగులరన్నాడు. క్షమను కొనియాడుచు కశ్యపుని గాథలను చదివినాడు. రాజ్యము పోగొట్టుకొని అడవిలో తిరుగువాడు గనుక ఆ మాట చెప్పుటకు ఆయనకు అర్హత కలదు. కాని ఆ ఘట్టము చదివినప్పుడెల్ల నాకొక శంక కలుగును. పోయిన రాజ్యము ఆయనది. ఆ నష్టమును ఓర్చుకొనుట ఆయన యిష్టము. సభలోనికి జుట్టుపట్టి యీడ్వబడినది ద్రౌపది. ఆ యవమానమును ఓర్చుటకు గాని ఓర్వకుండుటకు గాని హక్కు ఎవరిది? తన వీపు మీది దెబ్బను తాను మన్నించుట క్షమ. పరుల వీపు మీది దెబ్బను తాను మన్నించుటకు వేరొక పేరుండవలె. ఉపేక్ష యనుట మర్యాద, పిరికితనమనుట నిజము.

ఈ భేదమును చక్కగా ఎరిగినవాడు పొట్టి శ్రీరాములుగారు. 1946లో నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి ఆలయమున, ఆనాడు హరిజనులని పిలువబడిన వారి ప్రవేశము కొరకు ఆయన నిరాహారదీక్ష పట్టినారు. ఆకలి తన దేహమునది, దానిని ఓర్చినారు. గుడి తలుపు మూయబడినది పరులకు, దానిని ఓర్వలేదు.

మరల భారతమునకు వత్తము. ద్రౌపది ప్రశ్నకు పెద్దలెవరును తేల్చి చెప్పలేకపోయిన ఆ సభలోనే విదురుడొక కథ చెప్పినాడు. ప్రహ్లాదుని కొడుకు విరోచనుడును, సుధన్వుడను బ్రాహ్మణుడును తమలో ఎవరధికుడని ప్రాణములొడ్డి పందెము వేసికొని, తీర్పు కొరకు ప్రహ్లాదుని వద్దకే వచ్చినారు. కొడుకు ప్రాణమాయెను! ఏమియు తోచక ఆయన కశ్యపుని అడిగినాడు: ధర్మసందేహము వచ్చినప్పుడు నోరు విప్పనివాని గతి యేమి? కశ్యపుని జవాబు అచ్చముగా లెక్కల పంతులు చెప్పినట్లున్నది. నింద్యమైన పనిని నిందింపని సభలో, ఆ పాపమున సగము సభాపెద్దకు, పాతిక చేసినవానికి, పాతిక ఊరకున్నవారికి. ప్రహ్లాదుడు కొడుకునకు విరుద్ధముగా తీర్పు చెప్పినాడు. సుధన్వుడు సంతోషించి విరోచనుని బ్రతుకనిచ్చినాడు. క్షమ అక్కడను వచ్చినది. కాని తీర్పు ముగిసిన పిమ్మట వచ్చినది, తీర్పునకు బదులుగా రాలేదు.

క్షమను కీర్తించిన కశ్యపుడే ఈ లెక్కయు కట్టినాడన్నది మరువరానిది. ప్రహ్లాదుడును అంతే. తండ్రి పెట్టిన హింసలనెల్ల నోరెత్తక భరించినవాడని భాగవతము విన్నవారందరు ఎరుగుదురు. ఓర్పు సంగతి ఆయనకు తెలియదని ఎవడనగలడు?

1997 నాటి ఆంధ్రప్రదేశ్ ర్యాగింగు నిషేధ చట్టములో, ఫిర్యాదు వచ్చినను చర్య తీసికొనని విద్యాసంస్థ అధిపతిని ఆ నేరమునకు తోడ్పడినవానిగా ఎంచవలెనని ఉన్నది. ముసాయిదా వ్రాసినవారు కశ్యపుని చదివినారో లేదో గాని, లెక్క ఇంచుమించుగా అదే.

ఇక సద్గుణములు క్షీణించినవను విలాపము. క్షీణించియే యుండవచ్చును, నేను వాదింపను. కాని ఆ మధ్యాహ్నము వసారాలో పిల్లలు నేర్చుకొన్నదేమి? ఏమి చేసినను ఏమియు కాదని ముగ్గురు నేర్చుకొన్నారు. ఎవరితో చెప్పుకొన్నను ఫలము లేదని ఒకడు నేర్చుకొన్నాడు. ఊరకున్నంత ఉత్తమము లేదు, బోడిగుండంత సుఖము లేదని మన పెద్దలు ఎగతాళిగా అన్న మాట పాఠమై కూర్చున్నది.

నేనును ఆ వసారాలోనే ఉంటిని. అతిథిని, నాకెందుకనుకొన్నాను. ఇన్ని కథలు తెలిసి ఒక్క మాట అనలేదు. కశ్యపుని లెక్కలో చివరి పాతికయందు నా వంతు నాకున్నది. లేచి వచ్చునప్పుడు చూచితిని: పిల్లవాడు కుళాయి దగ్గర కూర్చొని, పళ్లెములో మిగిలిన అన్నపు మెతుకులు మెదిపి, చినిగిన పుటలను ఒకటొకటిగా అతికించుకొనుచున్నాడు. గంట మ్రోగినది. ఉపాధ్యాయుడు తరగతికి పోయినాడు; నేను బస్సుకు పోయినాను.