పురానాపూల్

హైదరాబాదులో మూసీనదిపై నొక ప్రాచీనమైన రాతివంతెన యున్నది. దానిని పురానాపూల్, అనగా పాతవంతెన యందురు. రాకుమారుడు మహమ్మదు కులీ భాగమతిపై వలపుగొని వరదనదిలో గుర్రమును దుమికించెననియు, తండ్రి పుత్రవాత్సల్యముచే నీ వంతెన గట్టించెననియు కథ ప్రచారమున గలదు. వినుట కింపుగానే యున్నది. కాని వంతెన 1578వ సంవత్సరమున నిర్మింపబడెను. రాకుమారుడు 1565 ప్రాంతమున జన్మించెను. పదుమూడేండ్ల బాలునకు వలపేమి? సోదరీమణు లించుక యోజింపవలయును.

కట్టించినవాడు ఇబ్రహీం కుతుబ్‌షా. తెనుగుకవులు మల్కిభరాముడని కొనియాడినది యీతనినే. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానము నీతనికే యంకిత మిచ్చెను. ఆనాటికి చార్మినారు లేదు. గోలకొండకోట నది కుత్తరమున నుండెను. వరదదినములలో జనులకును వర్తకుల బండ్లకును ఆవలియొడ్డు చేరుట దుర్ఘటము. వంతెన వెలసిన పదుమూడేండ్లకు, 1591లో, దక్షిణపుటొడ్డున హైదరాబాదు వెలసెను. నగరముకొరకు వంతెన గాదు, వంతెన యుండుటచేతనే యచట నగరము పెరిగినదని మేము తలంతుము.

దీనికి 22 కమానులు గలవు. పొడవు సుమారు 600 అడుగులు, వెడల్పు 35 అడుగులు. కమానురాళ్లు పైవైపు వెడల్పుగను క్రిందివైపు సన్నముగను చెక్కబడి, యొకదాని నొకటి యదిమి పట్టుకొనును. పైబరువు వానిని మరింత బిగించి, స్తంభములమీదుగా నేలకు దిగును. ఉమ్మడికుటుంబమువలె, ఏ రాయియు నొంటిగా మోయదు. ఏ రాయియు తప్పుకొనరాదు.

17వ శతాబ్దమున వచ్చిన ఫ్రెంచివర్తకుడు టావెర్నియే దీనిని పారిసులోని పోంనఫ్ వంతెనతో బోల్చెను. చిత్రమేమన, దానికి శంకుస్థాపన జరిగినదియు 1578లోనే. ఆ పేరున కర్థము క్రొత్తవంతెన! ఒకే యేటి తోబుట్టువులలో నొకటి నేటికిని క్రొత్తది, ఒకటి పాతది.

వరదలకు చెడిన దీనిని 1820లో సికందర్‌జా బాగుచేయించెను. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలకొలది ప్రాణములను గొనిపోయినపుడు తక్కిన వంతెనలు భగ్నము లయ్యెను. ఇది దెబ్బతినియు నిలిచెను. ఇప్పుడు ప్రక్కనే క్రొత్తవంతెన యున్నది. పాతదానిపై కూరగాయలవారు గంపలు దింపుకొని యమ్ముకొందురు.

భాగమతికథ బిడ్డలకు చెప్పవలదని మేమనము. కాని కథతోపాటు సంవత్సరములనుగూడ చెప్పుదము. లేనిచో నూర నెందరో నది దాటుటకై యా రాళ్లు చెక్కి పేర్చిన కాసెవాండ్ర శ్రమ యంతయు నొక బాలుని వలపుక్రింద మరుగుపడిపోవును.