వినేవారిది ఏ కులం?

తాను పరిశీలించిన రాష్ట్రాల్లో దాదాపు అన్నింటా లక్ష జనాభాకు ఒక్క మానసిక వైద్యుడు కూడా లేడని 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే తేల్చింది. డిగ్రీల దారిలోనే ఈ కొరత తీరాలంటే తరాలు పడుతుంది. గోవాలో సంగత్ సంస్థ మరో దారి పట్టింది. మానసిక వైద్యంలో ఏ పట్టా లేని స్థానికులకు శిక్షణనిచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో తీవ్ర కుంగుబాటు ఉన్నవారికి ఆరు నుంచి ఎనిమిది విడతల కౌన్సెలింగ్ చేయించింది. మామూలు వైద్యమొక్కటే అందినవారికంటే వీరు మెరుగ్గా కోలుకున్నట్టు 2017 నాటి లాన్సెట్ పత్రం చూపింది.

ఈ దారిని నేను సమర్థించడానికి కారణం కొరత ఒక్కటే కాదు. రెండు గ్లాసుల అవమానాన్ని ‘అతి సున్నితత్వం’గా కొట్టిపారేసే కౌన్సెలర్ ముందు దళితుడు నోరు విప్పడు. వాడ నుంచి వచ్చిన కౌన్సెలర్‌కు ఆ బాధను విడమరచి చెప్పనక్కర్లేదు.

అయినా నాకొక భయముంది. ఆశాలను ‘స్వచ్ఛంద కార్యకర్తలు’ అని పిలిచి ప్రోత్సాహకాలతో సరిపెట్టిన వ్యవస్థ మనది. డిగ్రీలూ జీతాలూ ఆధిపత్య కులాలకు, గౌరవ వేతనపు చాకిరీ దళిత స్త్రీలకు అన్న పంపకం ఇక్కడా జరగవచ్చు. కనుక ఈ కౌన్సెలర్లకు నెల జీతం ఇవ్వాలి. వారి శిక్షణను పై చదువులో లెక్కలోకి తీసుకోవాలి. కుల వివక్ష పాఠం వారికే కాదు, నిపుణుల శిక్షణ తరగతుల్లోనూ ఉండాలి. వాడ కౌన్సెలర్ పైకి పంపిన రోగి చేరేది ఆ నిపుణుల గదికే కదా!