బిల్లులకు సవరణ చేయు విధానము

"పార్లమెంటులో ప్రధానమంత్రి యిచ్చిన మాట చట్టము కాదా?" అని మా ఓరుగల్లు ప్రాంతమున వృద్ధులు నన్ను పలుమారు లడిగిరి. కాదు. ఏల కాదో తెలియుటకు బిల్లును సవరించు విధానము కొంత యెరుగవలెను.

బిల్లనగా చట్టము కాగోరు చిత్తుప్రతి. సభలో ప్రవేశపెట్టిన పిదప దాని మూలాశయముపై చర్చ జరుగును. అప్పుడే దానిని సెలెక్టు కమిటీకి పంపవలెననియో, ప్రజాభిప్రాయమునకు పెట్టవలెననియో సభ్యులు కోరవచ్చును. తరువాత ఒక్కొక్క క్లాజు విచారణకు వచ్చును. నిజమైన సవరణలకు తావిదియే. లోకసభలో ఒక దినము ముందుగా నోటీసు ఈయవలెను. ఈయనిచో ఏ సభ్యుడైనను అడ్డు చెప్పవచ్చును. సవరణ బిల్లు పరిధిని దాటరాదు. సభ అంతకుముందు తీర్చిన విషయమునకు విరుద్ధము కారాదు. క్లాజు వలదనుటకు మాత్రమే పనికివచ్చునది సవరణ కాదు. వలదనువారు ఓటుతో చెప్పవలెను. వేరొక నియమము బడిపంతులునైన నాకు మిక్కిలి ప్రీతి కలిగించినది: సవరణవలన వాక్యము వ్యాకరణదుష్టము గాని, అర్థరహితము గాని కారాదు! మా శిష్యులలో పలువురు ఈ నియమమున నెగ్గజాలరు.

సభాపతి మొదట సవరణకును, పిమ్మట క్లాజునకును ఓటు తీసికొనును. క్లాజు ముందుగనే అంగీకృతమైనచో దిద్దుట కేమి మిగులును? చివరి పఠనమున మాటల దిద్దుబాట్లు, ఇదివరకు చేసిన మార్పుల ననుసరించి చేయవలసినవి తప్ప కుదరవు.

ఇక 2014వ సంవత్సరపు సంగతి. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లును లోకసభ ఫిబ్రవరి 18న ఆమోదించెను. 20న రాజ్యసభ విచారించెను. ఒక సభ ఆమోదించిన బిల్లును రెండవ సభ సవరించినచో అది మొదటి సభకు మరలి పోవలెను. ఆ లోకసభ కడపటి సమావేశములు 21తో ముగియనుండెను. సభ రద్దయినచో బిల్లు మురిగిపోవును. అనగా ఒక్క సవరణ నెగ్గినను మన తెలంగాణము ఒక్క దినముపై వ్రేలాడవలసినదే. ఆంధ్రప్రాంతమునకు ప్రత్యేకహోదా అయిదేండ్లు కల్పింతుమని ప్రధాని మన్మోహనసింగుగారు ఆనాడు సభలో ప్రకటించిరి. బిల్లు మాత్రము లోకసభనుండి వచ్చిన రూపముననే నెగ్గెను. జూన్ 2న తెలంగాణ రాష్ట్రమేర్పడెను.

ఆ ప్రకటన సభాకార్యక్రమముల గ్రంథమున నున్నది. చట్టమున వెదకినను కానరాదు. 2016లో కేంద్రప్రభుత్వము హోదాకు బదులు ప్రత్యేకసహాయము ప్రకటించెను. ఆవలివారి మనస్తాపము న్యాయమైనదే. ఆ మాట క్లాజుగా చేరియున్నచో, దానిని తొలగించుటకు మరియొక బిల్లు, మరల రెండు సభలలోను చర్చ కావలసియుండెడిది.