మన తాబేలు, ఫ్రెంచి తాబేలు

పంచతంత్రంలో కంబుగ్రీవుడనే తాబేలు కథ మీకందరికీ తెలుసు. చెరువు ఎండిపోయే కాలం వచ్చింది. రెండు హంసలు ఒక కర్రను చెరొక కొనా పట్టుకున్నాయి. తాబేలు ఆ కర్రను నడుమ కరిచిపట్టుకుని ఆకాశంలో ప్రయాణమైంది. కింద జనం వింతగా చూసి గోల చేశారు. తాబేలు ఉండబట్టలేక నోరు తెరిచింది; కింద పడింది.

ఫ్రాన్సు దేశపు పిల్లలకు కూడా ఈ కథ ఉన్నది. దానిని వారికి చెప్పినవాడు లా ఫోంతేన్ అనే కవి. ఆయన కథలో హంసలకు బదులు బాతులున్నాయి. చెరువు ఎండిపోలేదు, తాబేలుకు దేశాలు చూడాలని సరదా పుట్టింది. జనం దానిని చూసి, తాబేళ్ళ మహారాణి పోతున్నదని అరిచారు. తాబేలు పొంగిపోయి, అవును, తానే రాణినని చెప్పబోయి కింద పడింది. మన తాబేలు వాగుడు వల్ల చెడింది, ఫ్రెంచి తాబేలు గర్వం వల్ల చెడింది.

ఈ కథ అంత దూరం ఎలా పోయింది? ఆరవ శతాబ్దంలో పంచతంత్రాన్ని పారశీకులు తమ పహ్లవీ భాషలో రాసుకున్నారు. ఎనిమిదవ శతాబ్దంలో అది అరబ్బీలోకీ, ఆ తరవాత కొత్త పారశీక భాషలోకీ వెళ్ళింది. 1644లో పారిస్‌లో ఫ్రెంచి అనువాదం అచ్చయింది. 1678లో లా ఫోంతేన్ తన కథల రెండవ సంపుటి ప్రకటిస్తూ, వీటిలో చాలా కథలకు భారతదేశపు జ్ఞాని ఒకరికి ఋణపడి ఉన్నానని చెప్పుకున్నాడు.

తెలుగు పిల్లలు కాలేజీలో ఫ్రెంచి చదివితే ఏం లాభమని అడిగేవారికి ఇది ఒక జవాబు. మన ఇంటి కథ పొరుగింట్లో ఎలా పెరిగిందో మనం చూడవచ్చు. రెండవ జవాబు మన ఊళ్ళకు దగ్గరలోనే ఉన్నది.

తిరువూరు ప్రాంతంలోని రెడ్డిగూడెం ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నది కాని, 2022 వరకు కృష్ణా జిల్లాలోదే. ఆ జిల్లా ముఖ్యపట్టణమైన మచిలీపట్నంలో ఫ్రెంచిపేట అనే పేట ఉన్నది. 1669లో ఫ్రెంచి వర్తకులు మచిలీపట్నంలో దిగి వ్యాపారం పెట్టారు. మన రంగుల బట్టలంటే వారికి ఎంతో మోజు. 1759లో ఇంగ్లీషువారు మచిలీపట్నం కోటను పట్టుకున్నారు. గోదావరి ఒడ్డున ఉన్న యానాం మాత్రం 1954 దాకా ఫ్రెంచివారి పాలనలో ఉన్నది.

ఈ ఫ్రెంచివారు తాము చూసినదంతా తమ భాషలోనే రాసుకున్నారు. కేర్దూ అనే క్రైస్తవ మతగురువు 1732లో మన దేశం వచ్చి, తెలుగు నేర్చి, తెలుగు-ఫ్రెంచి నిఘంటువు తయారుచేశాడు. మన పనివారు బట్టలకు రంగులు ఎలా ఎక్కిస్తారో కనుక్కుని 1742లో ఉత్తరం రాశాడు. 1767లో సంస్కృతానికీ, గ్రీకు, లాటిను భాషలకూ చుట్టరికం ఉన్నదని ఫ్రాన్సులోని పండితులకు రాసి పంపాడు. ఇదే సంగతి విలియం జోన్స్ 1786లో చెప్పి గొప్ప పేరు పొందాడు. కేర్దూ రాసినది 1808 దాకా అచ్చు కాలేదు! ఆ చుట్టరికం ఫ్రెంచిలోనూ కనిపిస్తుంది. సంస్కృతంలో "సప్త" అన్నదానిని ఫ్రెంచివారు "సెత్" అంటారు; "నవ" అన్నదానిని "నఫ్" అంటారు.

ఫ్రెంచి నేర్చుకోవటం కష్టమా? కొంత కష్టమే. రాసిన అక్షరాలన్నీ పలకరు. మనం "పారిస్" అనే ఊరిని వారు "పారీ" అంటారు. వస్తువులకు కూడా లింగభేదం ఉన్నది: బల్ల స్త్రీలింగం, పుస్తకం పుంలింగం. లెక్క మరీ విచిత్రం. ఎనభైని "నాలుగు ఇరవైలు" అంటారు. తొంభై తొమ్మిది అనాలంటే "నాలుగు ఇరవైల పందొమ్మిది" అనాలి!

అయితే తెలుగు పిల్లలకు కొన్ని సదుపాయాలున్నాయి. ఫ్రెంచిలోనూ "నువ్వు", "మీరు" అని రెండు మాటలున్నాయి. నేటి ఇంగ్లీషులో రెంటికీ ఒకటే మాట. పాత తెలుగు పుస్తకాలలో అరసున్న చూశారు కదా! దానిలాగే ముక్కుతో పలికే అచ్చులు ఫ్రెంచిలో ఉన్నాయి. సంధి కూడా ఉన్నది. "మా", "అమ్మ" కలిస్తే నడుమ "య" వచ్చి "మాయమ్మ" అవుతుంది. అలాగే ఫ్రెంచిలో "లే", "ఆమీ" కలిస్తే నడుమ "జ" వినబడి "లేజామీ" అవుతుంది. స్నేహితులు అని దాని అర్థం.

హైదరాబాదులో ఇంగ్లీషు, విదేశీభాషల విశ్వవిద్యాలయం ఉన్నది. అది 1958లో ఇంగ్లీషు బోధనకోసం ఏర్పడింది. 2007లో కేంద్ర విశ్వవిద్యాలయం అయింది. ఇంటర్మీడియెట్ పూర్తిచేసినవారు ప్రవేశపరీక్ష రాసి అక్కడ ఫ్రెంచిలో బి.ఎ. చదవవచ్చు, ఆపైన ఎం.ఎ., పరిశోధన చేయవచ్చు. వ్యాకరణంతో పాటు ఫ్రెంచి సాహిత్యం, చరిత్ర, ఆచారాలూ నేర్చుకుంటారు. చదువు పూర్తిచేసినవారు ఉపాధ్యాయులు కావచ్చు, అనువాదకులు కావచ్చు, విదేశాలతో పని ఉన్న కంపెనీలలో ఉద్యోగం చేయవచ్చు.

తల్లిదండ్రులు ఒక సంగతి గమనించాలి. ఫ్రెంచి చదవాలంటే తెలుగు మానుకోనక్కరలేదు. తెలుగు బాగా వచ్చినవారే ఒక ఫ్రెంచి వాక్యాన్ని తెలుగు వాక్యంగా చేయగలరు. విక్టర్ యూగో 1862లో ప్రకటించిన నవల "లే మిజెరాబ్ల్" మన భాషలో 1950లో "బీదలపాట్లు" అనే సినిమా అయింది. ఫ్రెంచి పుస్తకాలు మనవారికి ఎక్కువగా ఇంగ్లీషు ద్వారానే అందాయి. కుండలోనుంచి చెంబులోకి, చెంబులోనుంచి గ్లాసులోకి పోసినప్పుడు కొంత ఒలికిపోతుంది కదా! సూటిగా తెలుగులోకి పోసేవారు కావాలి.

మన బట్టల గురించీ, మన భాష గురించీ రెండు మూడు వందల ఏళ్ళనాడు రాసిన ఫ్రెంచి కాగితాలున్నాయి. రెడ్డిగూడెం బడిలో ఈనాడు పంచతంత్రం చదువుతున్న పిల్లే రేపు వాటిని చదివి మనకు తెలుగులో చెప్పవచ్చు.