కొలిస్తే తేలిన లెక్కలు

మంజీర నదిపై అచ్చంపేట దగ్గర 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ జలాశయానికి ఇంజనీర్లు వేసిన లెక్కల్లో ఒండ్రు లెక్క కూడా ఉంది. ఏటా వరదతో 530 ఎకరా-అడుగుల మట్టి వచ్చి చేరుతుందని అంచనా. ఎకరా-అడుగు అంటే ఎకరం మడిలో అడుగు మందాన పేరుకునే మట్టి. దశాబ్దాల తర్వాత సర్వే చేసి చూస్తే, ఏటా చేరుతున్నది 8,725 ఎకరా-అడుగులని తేలింది. అంచనా కంటే 16 రెట్లు ఎక్కువ! కట్టినప్పుడు దాదాపు 30 టీఎంసీలు పట్టిన జలాశయం సగానికి పైగా పూడిపోయింది. తర్వాత నీటిమట్టం పెంచుకుంటే దక్కింది 17.8 టీఎంసీలు. పేద దేశాల్లో పర్యావరణాన్ని అధ్యయనం చేసేవాళ్లు పూడిక గురించి మాట్లాడేటప్పుడు 530, 8,725 అనే అంకెలను పక్కపక్కన పెట్టి చూపిస్తుంటారు.

ఆ మట్టి ఎక్కడిదో వెతుక్కుంటూ పోతే బాలాఘాట్ కొండల దాకా వెళ్లాలి. బీడ్, లాతూర్, బీదర్ మీదుగా వచ్చే మంజీర దారి పొడవునా నల్లరేగళ్లే. చెట్లు కొట్టేసి, వాలు నేలలను దున్నేసిన చోట తొలకరి వానకే పైమట్టి కదిలిపోతుంది. అక్కడి రైతు పొలం పలచబడుతుంది, ఇక్కడి రైతు కాలువకు నీళ్లు తగ్గుతాయి. నిజాంసాగర్ కాలువ కింద చెరకు పండబట్టే బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో చక్కెర ఫ్యాక్టరీ వెలిసింది. 2002లో మెజారిటీ వాటా ప్రైవేటు చేతుల్లోకి పోయింది, 2015 డిసెంబర్‌లో ఫ్యాక్టరీ మూతపడింది. అక్కడి చెరకు మళ్లు వరి మళ్లయ్యాయి. ఫ్యాక్టరీ మూతకు పూడిక ఒక్కటే కారణమనడం తప్పు. కానీ ఈ ప్రాంతం బతుకు మొత్తం ఒక నీటి లెక్క మీద నిలబడిందనీ, ఆ లెక్కను మొదట్లోనే తప్పు వేశారనీ మాత్రం కచ్చితంగా చెప్పవచ్చు.

ఆరోగ్యం విషయంలోనూ నిజామాబాద్ జిల్లాకు పాత చరిత్రే ఉంది. స్కాట్లాండ్ వైద్యురాలు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ 1915లో డిచ్‌పల్లిలో కుష్ఠు రోగుల ఆశ్రమం నెలకొల్పారు. నిజామాబాద్‌కు చెందిన రాజా నర్సాగౌడ్ విరాళంతో అది పెరిగింది. అప్పటికి ఉన్న మందు చాల్‌మోగ్రా నూనె ఒక్కటే. తాగిస్తే వాంతులు, సూదితో ఎక్కిస్తే భరించలేని నొప్పి. అయినా రోగులు ఆశతో దూరప్రాంతాల నుంచి వచ్చేవారు. ఇక్కడ పనిచేసిన డాక్టర్ జాన్ లోవ్ ఆ తర్వాత కలకత్తా వెళ్లి, అక్కడి నుంచి నైజీరియాలోని ఉజువాకోలి చేరుకున్నారు. డాప్సోన్‌ను తక్కువ మోతాదులో మాత్రలుగా ఇస్తే చాలని 1940ల చివర్లో అక్కడ రుజువు చేశారు. చవకైన ఆ మాత్ర రావడంతో నూనె సూదుల కాలం ముగిసింది.

ఇప్పటి నిజామాబాద్‌లో అంత పట్టించుకోవలసిన ఆరోగ్య సమస్య బీడీలది. ఆడవాళ్లు ఒడిలో చాట పెట్టుకుని, తడిపిన తునికాకును కత్తెరతో కోసి, తంబాకు పోసి చుట్టి, దారం కట్టి, కొన ముడుస్తారు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. పొద్దంతా వంగి కూర్చుంటే మెడ, నడుము పట్టేస్తాయి. తాగేవాళ్లకే హాని, చుట్టేవాళ్లకు ఏం కాదన్నది చాలాకాలం నడిచిన నమ్మకం. ముంబయి పరిశోధకులు పొగ అలవాటు లేని బీడీ కార్మికుల మూత్రాన్ని పరీక్షించి, నికోటిన్ ఆనవాళ్లు పట్టుకున్నారు. అది వేళ్ల చర్మం నుంచీ, పీల్చే ధూళి నుంచీ ఒంట్లోకి చేరుతుంది.

మట్టినీ, నికోటిన్‌నూ కొలవగలిగినా, అన్నిటికంటే పెద్ద చిక్కు చదువును కొలవడం. ప్రైవేటు బడి పిల్లలకు మార్కులు ఎక్కువ వస్తే, అది బడి గొప్పతనమా, ఫీజు కట్టగల ఇంటి గొప్పతనమా? పైపైన చూసి తేల్చలేం. దీన్ని విడదీయడానికే 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక పెద్ద ప్రయోగం మొదలైంది. విశాఖపట్నం, తూర్పు గోదావరి, కడప, మెదక్, నిజామాబాద్ జిల్లాల్లో 180 ఊళ్లను ఎంచుకున్నారు. రాష్ట్ర ప్రభుత్వం, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు చేతులు కలిపాయి. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అధ్యయనం నడిపారు.

లాటరీ రెండుసార్లు తీశారు. అందులోనే ఉంది ఈ ప్రయోగం కీలకం. మొదటి లాటరీలో 90 ఊళ్లు ఎంపికయ్యాయి. ఆ ఊళ్లలో దరఖాస్తు పెట్టుకున్న సర్కారు బడి పిల్లల నుంచి రెండో లాటరీలో ఓచర్లు దక్కేవాళ్లను తీశారు. ఓచరు చీటీ వచ్చిన పిల్లకు ప్రైవేటు బడి ఫీజు, పుస్తకాలు, యూనిఫాం, బూట్లు అన్నీ ఉచితం. ఏ పిల్లను చేర్చుకోవాలో ఏరుకునే వీలు బడికి లేదు. పక్కపక్క ఇళ్లలోని ఇద్దరు పిల్లల్లో ఒకరికి చీటీ వచ్చి, ఇంకొకరికి రాకపోతే, అది అదృష్టమే తప్ప తండ్రి సంపాదన కాదు. ఇద్దరి చదువులో తర్వాత తేడా వస్తే, దాన్ని బడి ఖాతాలో వేయవచ్చు. అసలు ఓచర్లే లేని 90 ఊళ్లు కూడా ఉన్నాయి కాబట్టి, కొందరు వెళ్లిపోయాక సర్కారు బడిలో మిగిలినవాళ్లకు నష్టం జరిగిందా అన్నదీ తెలుసుకోగలిగారు. అలాంటి నష్టం కనిపించలేదు.

రెండేళ్లకు, నాలుగేళ్లకు పరీక్షలు పెట్టారు. తెలుగులో, లెక్కల్లో చీటీ వచ్చినవాళ్లకూ రానివాళ్లకూ తేడా లేదు. బస్తీల్లో, తండాల్లో కూలి డబ్బులు కూడబెట్టి ప్రైవేటుకు పంపే తల్లిదండ్రులకు ఇది మింగుడుపడని మాట. అయితే కథ అంతటితో అయిపోలేదు. ప్రైవేటు బళ్లు తెలుగుకు, లెక్కలకు తక్కువ పీరియడ్లు ఇచ్చి, మిగిలిన సమయాన్ని ఇంగ్లిషుకు, హిందీకి పెట్టాయి. సర్కారు ప్రాథమిక బడిలో లేని హిందీలో ఓచరు పిల్లలు చాలా ముందున్నారు. ఒక్కో పిల్లపై ప్రైవేటు బడి ఖర్చు సర్కారు ఖర్చులో మూడో వంతుకు లోపే. అక్కడి టీచరు జీతం సర్కారు జీతంలో ఆరో వంతుకు కూడా రాదు. అంత తక్కువ జీతానికి పాఠం చెప్పేవాళ్లలో చాలామంది చదువుకున్న ఊరి ఆడపిల్లలే. ఖర్చు తక్కువని మెచ్చుకునేటప్పుడు, ఆ ఆదా ఎవరి కష్టంలోంచి వచ్చిందో కూడా చెప్పుకోవాలి.

అదే పరిశోధకులు 2005లో మొదలుపెట్టిన మరో ప్రయోగం టీచర్ల జీతాలపైనే. పిల్లల సగటు మార్కులు పెరిగిన మేరకు శాతానికి 500 రూపాయల చొప్పున బోనస్ ఇచ్చారు. రెండేళ్లలో ఆ బళ్ల పిల్లలు లెక్కల్లో, తెలుగులో స్పష్టంగా మెరుగుపడ్డారు. బోనస్ కోసం టీచర్లు బడికి ఎక్కువ రోజులు వస్తారనుకుంటే హాజరు మాత్రం పెరగలేదు. వచ్చిన రోజున అదనపు క్లాసులు తీసుకున్నారు, ఎక్కువ పరీక్షలు రాయించారు.

ఓచరు అధ్యయనంలో మరో సంగతి పెద్దగా చర్చకు రాలేదు. తెలుగు మీడియం ప్రైవేటు బడికి వెళ్లిన పిల్లలు మెరుగ్గా నేర్చుకున్నట్టు, నడుమ ఇంగ్లిషు మీడియంలోకి మారినవాళ్లు తెలుగులో, లెక్కల్లో వెనకబడినట్టు సూచనలు కనిపించాయి. ఇవి సూచనలే కానీ తుది తీర్పు కాదని పరిశోధకులే అన్నారు. ఇంట్లో తెలుగు, ఉర్దూ, మరాఠీ, లంబాడీ వినిపించే బోధన్ లాంటి చోట దీన్ని ఎప్పుడో లోతుగా పరీక్షించి ఉండాల్సింది. 2022-23లో తెలంగాణ సర్కారు బళ్లలో 1 నుంచి 8 తరగతుల దాకా ఇంగ్లిషు మీడియం మొదలైంది. పిల్లలకు ఇచ్చిన పాఠ్యపుస్తకం తెరిస్తే ఒక పేజీలో ఇంగ్లిషు, ఎదుటి పేజీలో అదే పాఠం తెలుగులో ఉంటుంది.